మనుషులు నడవని నగరం



ఈ పూట నేను మాట్లాడబోయేది ఒక వీడియో గేమ్ గురించి. దాని పేరు నీడ్ ఫర్ స్పీడ్ మోస్ట్ వాంటెడ్. 2005 నవంబరులో విడుదలైంది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థకు కెనడాలో ఉండిన బ్లాక్ బాక్స్ స్టూడియో దాన్ని తయారుచేసింది. ఇదే పేరుతో 2012లో ఇంకో ఆట వచ్చింది; నేను చెప్పబోయేది పాతదాని సంగతి. ఊరి రోడ్ల మీద దొంగచాటుగా జరిగే కార్ల పందేల మీద ఎన్నో ఆటలు వచ్చాయి. వాటన్నిటిలో దీనికి మించినది రాలేదని నా అభిప్రాయం. అంత మంచి ఆటలోనూ ఒక పెద్ద వెలితి ఉంది. ఆ మంచీ, ఆ వెలితీ రెండూ ఒకే చోట పుట్టాయని నేను అనుకుంటాను.

ఆ రోజుల్లో హైదరాబాదులోనో, విజయవాడలోనో, విశాఖపట్నంలోనో చదువుకున్నవాళ్లలో చాలామందికి ఈ పేరు చెబితే చాలు, మిగతాది వాళ్లే చెబుతారు. నెట్ సెంటర్లో గంటకింత అని ఇచ్చి ఆడినవాళ్లున్నారు. హాస్టల్ గదిలో ఒక్క కంప్యూటరు చుట్టూ మూగి వంతులేసుకుని ఆడినవాళ్లున్నారు. చెన్నై దగ్గర బీఎండబ్ల్యూ ఫ్యాక్టరీ మొదలైంది 2007లో. ఆ కంపెనీ కారు మన దేశంలో తయారు కాకముందే, వెండి రంగు మీద నీలి చారలున్న బీఎండబ్ల్యూ ఎం3 జీటీఆర్‌ని ఆ పిల్లలు కీబోర్డు మీద బాణం గుర్తుల మీటలతో నడిపారు.

ఆ కారు కల్పన కాదు. 2001లో అమెరికన్ లే మాన్స్ సిరీస్‌లో జీటీ తరగతిని గెలిచిన బండి అది. మామూలు ఎం3కి ఆరు సిలిండర్ల ఇంజను ఉంటే, దీనికి ఎనిమిది. మరుసటి ఏడాది నిబంధనలు మారాయి. జనం కొనుక్కునేలా రోడ్డు కార్లు ఇంకా ఎక్కువ తయారుచేస్తేనే పందెంలోకి రానిస్తామన్నారు. బీఎండబ్ల్యూ తప్పుకుంది. ఆ సిరీస్ నుంచి అంత తొందరగా పక్కకు వెళ్లిపోయిన కారుకి ఇంతమంది అభిమానులు మిగలడానికి కారణం ఈ ఆటే.

కథ చిన్నది. రాక్‌పోర్ట్ అని ఒక కల్పిత నగరం. అక్కడ బ్లాక్‌లిస్ట్ పేరుతో పదిహేను మంది వీధి పందెగాళ్ల జాబితా ఉంటుంది. మీరు ఆ బీఎండబ్ల్యూ వేసుకుని ఊళ్లోకి వస్తారు. జాబితాలో అందరికన్నా కింద ఉన్న రేజర్ అనేవాడు మీతో కారుకి కారు పందెం కాస్తాడు. లోపాయికారీగా మీ ఇంజనులోంచి ఆయిలు కారిపోయేలా చేయిస్తాడు. పందెం పోతుంది, కారూ పోతుంది. అంతలో సార్జెంట్ క్రాస్ అనే పోలీసు వచ్చి మిమ్మల్ని పట్టుకుంటాడు. కారే లేనప్పుడు పందెం ఆడినట్టు రుజువేదీ అని వదిలేయాల్సి వస్తుంది. మీరు బయటికి వచ్చేసరికి రేజర్ మీ కారుతోనే అందరినీ ఓడించి జాబితాలో ఒకటో స్థానానికి ఎక్కి కూర్చుని ఉంటాడు. ఇక మీరు ఒక చిన్న కారు కొనుక్కుని పదిహేనో మెట్టు నుంచి మొదలుపెట్టాలి.

చూడండి, ఎంత తెలివైన ఏర్పాటో. మొదట్లోనే అద్భుతమైన కారు చేతికిచ్చి, దాని రుచి చూపించి, మోసంతో లాక్కున్నారు. తర్వాత మీరు గంటల తరబడి ఆడేది డబ్బు కోసం కాదు, పేరు కోసం కాదు, మీది మీరు తెచ్చుకోవడం కోసం. వీడియో ఆటల్లో కథ అంటే చాలాసార్లు అతికించిన కాగితంలా ఉంటుంది. ఇక్కడ మాత్రం కథంతా ఒక కారులో ఉంది, ఆ కారు మీ కళ్లముందే వేరేవాడి చేతిలో ఉంది.

అయితే ఈ ఆటకి ప్రాణం పోసింది పందేలు కాదు. పోలీసులు.

ముందు పద్ధతి చెబుతాను. జాబితాలో పైవాణ్ని సవాలు చేయాలంటే పందేలు గెలిస్తే సరిపోదు. పోలీసులు మీ తలకి కట్టే వెల కూడా పెరగాలి. అంటే కావాలని వాళ్ల కంటపడాలి, వెంట పడనివ్వాలి, తప్పించుకోవాలి. దొరికిపోతే ఆ వెంటాటలో పోగైన వెల దక్కదు. తప్పించుకుంటేనే లెక్క. ఈ ఒక్క నియమం వల్ల ప్రతి వెంటాటలోనూ ఒక ఆశా, ఒక భయమూ పక్కపక్కనే కూర్చుంటాయి. ఇంకొంచెం సేపు ఉంటే ఇంకొంచెం వస్తుంది. ఇంకొంచెం సేపు ఉంటే మొత్తం పోవచ్చు కూడా. ఎప్పుడు ఆపాలో ఆట చెప్పదు, మీరే తేల్చుకోవాలి.

మొదట ఒకటి రెండు మామూలు పోలీసు కార్లు వస్తాయి. మీరు దొరక్కపోతే తీవ్రత అంచెలంచెలుగా పెరుగుతుంది. రోడ్డుకి అడ్డంగా కార్లు నిలబెడతారు. టైర్లు పేల్చే మేకుల పట్టీలు పరుస్తారు. బరువైన పెద్ద బండ్లు ఎదురుగా వచ్చి నేరుగా గుద్దుతాయి. నెత్తిమీద హెలికాప్టరు తిరుగుతుంది. పై అంచెలో కార్వెట్ కార్లు దిగుతాయి, వాటి వేగం ముందు మీ కారు చాలదనిపిస్తుంది. ఈ తీవ్రత మీకు కాదు, కారుకి అంటుకుని ఉంటుంది. అదే కారులో మళ్లీ బయటికొస్తే పోలీసులు గుర్తుపడతారు. రంగు మార్చుకుంటే, హంగులు మార్చుకుంటే కొంత చల్లబడుతుంది. లేదా ఇంకో కారు తీయాలి. గరాజులో ఒక కారు కాక నాలుగు ఎందుకుండాలో ఇంత సహజంగా చెప్పిన ఆట మరొకటి నాకు తెలియదు.

దారి పక్కన కొన్ని కట్టడాలుంటాయి. పెట్రోలు బంకు ఉంటుంది, నీళ్ల ట్యాంకు ఉంటుంది, దుకాణం మీద పెద్ద డోనట్ బొమ్మ ఉంటుంది. వాటి ఆధారాన్ని గుద్దుకుంటూ పోతే అవి కూలి వెనకొచ్చే పోలీసుల మీద పడతాయి. అవి ఎక్కడెక్కడున్నాయో తెలియాలంటే ఊరు తెలియాలి. ఇక పోలీసుల చూపు నుంచి తప్పుకున్నాక ఇంకో ఘట్టం ఉంది. అప్పుడు వేగం పనికిరాదు. ఏ సందులోనో, ఏ షెడ్డు వెనకో ఇంజను శబ్దం తగ్గించుకుని నిలబడాలి. వాళ్లు వెతుకుతూ వీధి చివర మెల్లగా తిరుగుతుంటారు. దాగుడుమూతల్లో తలుపు వెనక నక్కిన పిల్లవాడి గుండె ఎలా కొట్టుకుంటుందో అలా కొట్టుకుంటుంది. అతి వేగం గురించిన ఆట తన గొప్ప క్షణాలను కదలకుండా నిలబడటంలో దాచిపెట్టింది. ఆ ఆలోచన చేసినవాళ్లకు నేను చేతులెత్తి నమస్కరిస్తాను.

నేను రేడియోలో మాట్లాడుతున్నాను కాబట్టి ఒక సంగతి విడిగా చెప్పాలి. ఈ ఆటలో ధ్వని చాలా గొప్పది. వెంటాట సాగుతున్నంతసేపూ పోలీసుల వైర్‌లెస్ మాటలు మీకు వినిపిస్తూనే ఉంటాయి. మీ కారు ఎలాంటిదో, ఎటు తిరిగిందో ఒకరికొకరు చెప్పుకుంటారు. ముందు దారి మూయమంటారు, మేకులు పరవమంటారు, బలం చాల్లేదు ఇంకా కార్లు పంపమంటారు. అవి అలంకారానికి పెట్టిన మాటలు కావు. చెవి పెట్టి వింటే రెండు మలుపుల తర్వాత ఏం ఎదురవుతుందో తెలుస్తుంది. ఇంగ్లిషు సరిగా రాని కుర్రాళ్లు కూడా కొన్నాళ్లకు ఏ మాటకు మేకులొస్తాయో, ఏ మాటకు అడ్డుకట్టలొస్తాయో పట్టేసేవారు. వాళ్ల గొంతుల్లో కంగారు పెరిగేకొద్దీ మీకు ధైర్యం వస్తుంది. వెంటాటలో వచ్చే నేపథ్య సంగీతం పాల్ లిన్‌ఫోర్డ్ సమకూర్చింది. అది వాద్యబృందం ఉరుముల మధ్య ఈ గొంతులకు చోటు విడిచి నడుస్తుంది.

దృశ్యాల సంగతి త్వరగా ముగిస్తాను. దీనికి ముందు 2003లోనూ, 2004లోనూ వచ్చిన అండర్‌గ్రౌండ్ ఆటలు రెండూ పూర్తిగా రాత్రిపూటే నడుస్తాయి. నియాన్ దీపాలు, తడి రోడ్లు. మోస్ట్ వాంటెడ్ పగటి వెలుతురులోకి వచ్చింది. ఆకులు రాలే కాలం, పసుపు తిరిగిన ఆకాశం, అప్పుడప్పుడూ వాన. కొందరికి ఆ పసుపు ఎక్కువైనట్టు అనిపిస్తుంది. నాకు అది ఈ నగరానికి నప్పిందనే అనిపిస్తుంది. కారు నడక నిజం కారులా ఉండదు, ఉండాలని ఎవరూ కోరలేదు. మలుపు దగ్గర కాలాన్ని కాసేపు నెమ్మదింపజేసే ఒక మీట ఉంది, అది కొత్తవాళ్లను చాలా ప్రమాదాల నుంచి గట్టెక్కిస్తుంది.

ఇక లోపాలు. చిన్నవాటితో మొదలుపెడతాను.

పందేలలో ఎదుటివాళ్లు న్యాయంగా ఆడరు. మీరు ఒక్క తప్పూ చేయకుండా ఎంత ముందుకెళ్లినా వెనకవాడు చివరి మలుపుకి మీ తోక పట్టుకుని ఉంటాడు. మీరు బాగా వెనకబడితే వాళ్లు నెమ్మదిస్తారు. పోటీ ఎప్పుడూ దగ్గరదగ్గరగా ఉండాలని చేసిన ఏర్పాటు ఇది. చాలా కార్ల ఆటల్లో ఉన్నదే. ఇక్కడ మాత్రం మరీ బాహాటంగా కనబడుతుంది. నాలుగు నిమిషాల పందెంలో మొదటి మూడు నిమిషాలు మీరెలా నడిపారన్నదానికి విలువ లేకపోతే, నేర్చుకున్న విద్యకు అవమానం జరిగినట్టే. పోలీసుల విషయంలో ఇంత నిజాయితీ చూపించిన తయారీదారులు పందేల దగ్గర ఎందుకు తడబడ్డారో నాకు బాధగా ఉంటుంది.

రెండోది కథ. నిజం నటులను పెట్టి చిత్రీకరించి, చుట్టూ కంప్యూటర్ దృశ్యాలు జోడించారు. మియా అనే అమ్మాయిగా జోసీ మరాన్ నటించింది. మొదటి గంటలో ఈ సన్నివేశాలు ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఆ తర్వాత కథ దాదాపు మాయమవుతుంది. ఫోన్లో సందేశాలు మిగులుతాయి. పదిహేను మంది ప్రత్యర్థులకు పదిహేను రకాల కార్లు, పేర్లు, ఊతమాటలు ఇచ్చారే గాని, వాళ్లు ఎవరో, ఈ పనిలోకి ఎందుకొచ్చారో రెండు ముక్కలకు మించి చెప్పలేదు. పన్నెండో స్థానంలో ఇజ్జీ అనే అమ్మాయి ఉంటుంది, ఎనిమిదో స్థానంలో జ్యూయెల్స్ అనే అమ్మాయి ఉంటుంది. మగవాళ్ల జాబితాలో వాళ్లెలా నిలిచారో వినాలని ఉంటుంది. ఆట అంతదాకా పోదు. ఓడించి ముందుకు పోవడమే. చివర్లో మియా మారువేషంలో ఉన్న పోలీసు అని తెలుస్తుంది. అప్పటికి ఆమె మనకు దూరమై చాలాసేపయి ఉంటుంది, అందుకని ఆ మాట తగలాల్సినంత గట్టిగా తగలదు.

మూడోది అలసట. సగం దాటాక అవే పందేలు మళ్లీ మళ్లీ వస్తాయి. చుట్లు కొట్టేవి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి పరిగెత్తేవి, టోల్ బూత్‌ల మధ్య గడియారంతో పోటీపడేవి, వేగం కొలిచే కెమెరాల ముందు ఎక్కువ వేగం చూపించాల్సినవి. కెమెరా పందెం నాకు చాలా ఇష్టం, అందులో అందరికన్నా ముందు రావడం కాదు, ఆ ఒక్క చోట విజృంభించడం ముఖ్యం. కానీ పదిమందికి పది సార్లు అదే వరస పెడితే ఇష్టమైనదీ చప్పబడుతుంది. ఇద్దరు ముగ్గురు ప్రత్యర్థులను తీసేసి ఉంటే ఆట బిగువుగా ఉండేది.

ఇప్పుడు పెద్ద వెలితి. రాక్‌పోర్ట్‌లో కాలేజీ వీధులున్న రోజ్‌వుడ్ ఉంది, సముద్రపు ఒడ్డున క్యామ్‌డెన్ ఉంది, ఎత్తయిన భవనాల నడిబొడ్డు ఉంది. ముందు ఆటలో, అంటే అండర్‌గ్రౌండ్ రెండో భాగంలో, పందెం ఎక్కడుందో వెతుక్కుంటూ ఊరంతా తిరగాలి. విసుగొచ్చేది, నిజమే. కానీ ఆ విసుగులోనే ఊరు పరిచయమయ్యేది. మోస్ట్ వాంటెడ్‌లో పటం తెరిచి మీట నొక్కితే నేరుగా పందెంలో దిగుతారు. ఎవరూ వెంటపడకపోతే ఈ నగరంలో చేయడానికి పనే లేదు. కార్లు, వాటి హంగులు అమ్మే చోట్లు తప్ప ఆగి చూడడానికి ఒక కొట్టు లేదు, పలకరించడానికి ఒక మనిషి లేడు. అసలు రోడ్డు మీద మనిషే లేడు. దాటేవాడు లేడు, బస్సు కోసం నిలబడ్డవాడు లేడు, కాలేజీ ముందు పిల్లలు లేరు. బస్ డిపో ఉంది, అందులో బస్సులున్నాయి, ఎక్కేవాళ్లు లేరు. ఆ డిపోలో బస్సుల పైకి కారు ఎక్కించి కూర్చుంటే పోలీసులు పైకి రాలేక చుట్టూ తిరుగుతుంటారు. ఆ కిటుకు కనిపెట్టిన కుర్రాళ్లు అక్కడే తీరిగ్గా వెల పెంచుకునేవారు.

దీని వెనక కారణం ఊహించడం కష్టం కాదు. మనిషి ఉంటే గుద్దడం ఉంటుంది, గుద్దితే రక్తం ఉంటుంది, అలాంటి ఆట పిల్లలకు అమ్మలేరు, అసలు కార్ల కంపెనీలు తమ పేర్లు వాడుకోనివ్వవు. అదొక్కటే దారి కాదని మాత్రం నేను అంటాను. 2000లోనే మొదలైన మిడ్‌నైట్ క్లబ్ ఆటల్లో న్యూయార్క్, లండన్ వీధుల్లో మనుషులున్నారు. కారు మీదికి వస్తే చటుక్కున పక్కకి దూకేస్తారు. ఎవరికీ దెబ్బ తగలదు, కానీ ఊళ్లో జనం ఉన్నారన్న స్పృహ ఉంటుంది. నీడ్ ఫర్ స్పీడ్ వరసలోనే 2022లో వచ్చిన అన్‌బౌండ్‌లో దారి పక్కన మనుషులు కనిపిస్తారు. చేయవచ్చని దాంతో తేలింది.

మోస్ట్ వాంటెడ్ ప్రతి వెంటాటలోనూ ఒక లెక్క చూపిస్తుంది. మీరు ధ్వంసం చేసిన పోలీసు కార్లకూ, కూల్చినవాటికీ కలిపి ప్రభుత్వానికి ఎన్ని డాలర్ల నష్టం జరిగిందో అంకెల్లో వేసి, అది పెరిగితే మెచ్చుకుంటుంది. పైసా పైసా లెక్కగట్టే ఆట మనిషిని మాత్రం లెక్కలోంచి తీసేసింది. అక్కడ నా మనసు ఒప్పుకోదు. ఇందాక పోలీసుల గురించి అన్నానే, ప్రతి పనికీ ఒక ఫలితం ఉండటం వల్లే ఆ వెంటాటలు అంత బాగున్నాయి. రంగు మార్చకపోతే గుర్తుపడతారు, ఆశపడితే పోగొట్టుకుంటారు. అదే నీతిని నగరానికి కూడా వర్తింపజేసి ఉంటే? ఈ సందులో జనం ఉంటారు, వేగం తగ్గించాలి, తగ్గిస్తే పోలీసు దగ్గరవుతాడు. అలాంటి చిక్కు ఒక్కటి పెట్టి ఉంటే ఆట ఇంకా రసవత్తరంగా ఉండేది. నీతి కోసం మాత్రమే చెప్పడం లేదు, ఆట కోసం చెబుతున్నాను. ఖాళీ రోడ్డు మీద వేగానికి ఖరీదు లేదు, ఖరీదు లేని చోట ఉత్కంఠ తొందరగా ఇంకిపోతుంది.

ఈ ఆట చూసి పిల్లలు రోడ్ల మీద పందేలకు దిగుతారని కొందరు తల్లిదండ్రులు భయపడతారు. ఆట ఆడిన ప్రతివాడూ పందేలకు పోతాడని నేను నమ్మను. ఆట చూపించనిదేమిటో పిల్లలతో మాట్లాడాలి, అంతే. మన చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వక అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో పందెం ఆడితే, మొదటిసారి మూడు నెలల దాకా జైలు గాని, 5,000 రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. రెండోసారి జైలు ఏడాది దాకా, జరిమానా 10,000 దాకా. ఊరి రోడ్డు మీద పందెం సక్రమంగా ఎలా జరుగుతుందో హైదరాబాదు చూసింది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. రెండు వైపులా కాంక్రీటు దిమ్మలు, ఇనుప కంచెలు కట్టి, రోడ్లు మూసి, మామూలు జనాన్ని, వాహనాలను పక్కకు మళ్లించి నడిపారు. ఫ్రాన్సుకు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మనుషులు నిండిన నగరంలో ఆ వేగానికి చోటు చేయాలంటే ఎంత ఏర్పాటు కావాలో ఆ వారం ట్యాంక్‌బండ్ దారిలో ఆఫీసులకు వెళ్లినవాళ్లకు బాగా తెలుసు.

తర్వాత వచ్చిన ఆటలు దీని నుంచి తలా ఒక ముక్క తీసుకున్నాయి. 2012లో క్రైటీరియన్ స్టూడియో అదే పేరుతో చేసిన ఆటలో కార్లు చాలావరకు మొదటి నుంచే దొరుకుతాయి, కథ లేదు. పోగొట్టుకున్నది తెచ్చుకోవాలన్న కసి లేనందువల్ల అది ఎంత అందంగా ఉన్నా మనసులో నిలవలేదు. 2019లో వచ్చిన హీట్‌లో పగలు అనుమతి ఉన్న పందేలు, రాత్రి దొంగ పందేలు. రాత్రి పోలీసులకు దొరికితే సంపాదించినదానిలో కొంత పోతుంది. పాత ఆట గుండెకాయ ఎక్కడుందో ఆ తయారీదారులు గ్రహించారని అక్కడ తెలుస్తుంది. బ్లాక్ బాక్స్ స్టూడియో మాత్రం 2013లో మూతపడింది.

చివరగా ఒక విన్నపం. 2005 నాటి మోస్ట్ వాంటెడ్ ఈనాడు ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మకానికి లేదు. డబ్బిచ్చి న్యాయంగా కొనుక్కుందామన్నా పాత డిస్కు కోసం వెతుక్కోవాల్సిందే. పుస్తకం ప్రతులు అయిపోతే మళ్లీ అచ్చు వేస్తారు, పాత సినిమాను శుభ్రం చేసి మళ్లీ విడుదల చేస్తారు. ఒక తరం కలిసి ఆడుకున్న ఆటకూ ఆ గౌరవం దక్కాలి. హక్కులున్న సంస్థ కార్ల కంపెనీలతో, సంగీతకారులతో మళ్లీ ఒప్పందాలు చేసుకుని, ఉన్నదాన్ని ఉన్నట్టుగా, లోపాలతో సహా, ఈనాటి కంప్యూటర్లలో నడిచేలా తిరిగి అందుబాటులోకి తేవాలి. ఇంట్లో ఆ పాత డిస్కు ఉన్నవాళ్లు దయచేసి పారేయకండి.